అరవై ఫ్యాన్ల మీది మూడు స్టార్లు

డోన్ రైల్వే గేటు వీధిలో కాపురముండే, కీర్తిశేషులు ఏసన్న గారి భార్య జ్ఞానమణి అనే నేను, అరవై ఎనిమిదేళ్ల వయసులో, స్వస్థబుద్ధితో రాయిస్తున్న వీలునామా ఇది. ఈ గురువారం కర్నూలులో నా గుండెకు ఆపరేషన్. ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. రాయొద్దని మాత్రం నా కొడుకు అరుణ్ కుమార్ మూడు రోజులుగా బలవంతపెడుతున్నాడు. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు.

1. నేనుండే ఇల్లు, నా బైబిలు, కుట్టుమిషను నా కూతురు మహిమకు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే.

2. ప్యాపిలి రోడ్డులోని ఇంటిస్థలం అరుణ్‌కు. ఇది చదివాక వాడు అలిగి అన్నం మానేస్తాడు. మహిమా, రెండుసార్లు పిలువు. మూడోసారికి వస్తాడు.

3. ఇక నేను నడిపే ఫ్యాన్ల కార్ఖానా. 2019లో రాగితీగ చుట్టిన మా ఫ్యానును పరీక్షకు పంపి మూడు స్టార్ల స్టిక్కరుకు అనుమతి తెచ్చుకున్నాను. తక్కువ కరెంటుతో ఎంత గాలి ఇస్తుందో కొనేవాళ్లకు చెప్పే స్టిక్కరు అది. అప్పట్లో ఫ్యాన్లకు తప్పనిసరి కాదు, నేనే ఇష్టపడి తెచ్చుకున్నాను. ఆ స్టిక్కర్ల కట్టను చర్చికి తీసుకెళ్లి ప్రార్థన కూడా చేయించాను.

2021లో రాగితీగ ధర మండిపోయింది. కోడుమూరులోని ఒక బాలికల హాస్టలుకు ఇచ్చిన అరవై ఫ్యాన్లలో రాగికి బదులు చవకైన అల్యూమినియం తీగ చుట్టించాను. వద్దని మా వైండింగ్ మేస్త్రి ఉరుకుందు రెండుసార్లు చెప్పాడు, నేను వినలేదు. ఆ ఫ్యాన్లకు స్టార్ స్టిక్కర్లు నా చేత్తోనే అతికించాను, తడిబట్టతో తుడిచి మరీ.

రెండో ఎండాకాలానికి ఒక ఫ్యాను పొగలు కక్కింది. పిల్లలు పుస్తకాలు వదిలేసి బయటికి పరుగెత్తారట. వార్డెన్ దాన్ని విప్పించి, లోపలి అల్యూమినియం తీగ చూసి, కార్ఖానాకు తెచ్చి బల్ల మీద పెట్టింది. పదిమంది ముందు నేను ఉరుకుందు వైపు వేలు చూపించాను. తీగ మార్చింది అతనే, నాకు తెలియదన్నాను. పద్దెనిమిదేళ్లు నా దగ్గర పనిచేసిన మనిషి. "అక్కా, నువ్వేనా ఈ మాట చెప్తాండేది?" అన్నాడు. అంతే, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. డోన్‌లో అతనికి మళ్లీ ఎవరూ పనివ్వలేదు. ఇప్పుడు రాయచోటిలో కూలికి మోటార్లు చుడుతున్నాడు. తప్పు నాది. ఆపరేషన్ కంటే ఈ అబద్ధంతో పోతానేమోనని ఎక్కువ భయంగా ఉంది.

4. అందువల్ల కార్ఖానా, మిషన్లు, దాని పేరు ఉరుకుందుకు చెందాలి. అతనికి దక్కకపోతే మహిమకు. ఎవరికి చెందినా షరతు ఒకటే. ఆ అరవై ఫ్యాన్ల స్టిక్కర్లు వెంటనే పీకేసి, రాగితీగ చుట్టించి ఇవ్వాలి. ఖర్చు నా బ్యాంకు డబ్బులోంచి. మూడో అంశం నకలును స్టిక్కరుకు అనుమతిచ్చిన ఆఫీసుకు పంపాలి. అనుమతి రద్దు చేస్తే చేయనీ.

"ఎవురడిగినారని చెప్తాండావమ్మా? కార్ఖానా మూతపడల్లనా?" అంటాడు అరుణ్. ఆ స్టిక్కరు కూడా ఎవరూ అడగకుండానే తెచ్చుకున్నాం నాయనా. ఇదీ అంతే.

5. సంతకానికి ముందు చేర్చిన అంశం. కబురు పంపితే ఉరుకుందు ఈ పొద్దున బస్సులో వచ్చాడు. నా ముఖం చూడకుండా గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. పైదంతా చదివి వినిపించారు. రెండో సాక్షిగా వస్తానన్న మనిషిని అరుణ్ రానివ్వలేదు. ఇంకొకరిని పిలుద్దామని, మొదటి సాక్షిగా వచ్చిన పాస్టర్ గారు లేచారు. ఆ సంతకం తానే పెడతానన్నాడు ఉరుకుందు. సాక్షిగా సంతకం పెట్టినవాడికి ఈ వీలునామా కింద ఏదీ దక్కదని, కార్ఖానా పోతుందని దస్తావేజు రాసే ఆయన రెండుసార్లు హెచ్చరించాడు.

"తెలిసిందిలే సామీ. కార్ఖానా నాకేల? ఆ మూడోది చదివితిరే, అది నిజమని కింద నా పేరుండల్ల. దానికే వచ్చినా," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. పెన్ను మొదట అతనే అందుకోబోయాడు. నా సంతకం అయ్యాకే పెట్టాలని ఆపారు.

2025 మే 12, సోమవారం, డోన్.

(సంతకం) జ్ఞానమణి

సాక్షులు, మా ఎదుట ఆమె సంతకం చేయగా చూసినవారు:

1. యేసుప్రసాద్, పాస్టర్, డోన్
2. ఉరుకుందు, ఫ్యాన్ వైండింగ్ మేస్త్రి, డోన్. ప్రస్తుతం రాయచోటి