మోరి కాడ చీమలు

బాపూ,

ఫస్టు షిఫ్టుకు పోతున్న, నిన్ను లేపలేదు. స్టవ్వు పక్కన కొత్త ప్రొటీన్ పౌడరు పెట్టిన. ఒక్క చెంచా మజ్జిగల కలుపుకొని తాగు. పాత పెద్ద డబ్బా ఇగ ముట్టకు. అగ్గువకు వస్తుందని, చాక్లెట్ రుచైతే తాగుతవని అది తెచ్చిన. దాని వెనుక రాసింది నిన్ననే చదివిన, సగానికి ఎక్కువ చక్కెరే ఉంది. నీకు కండ కరుగుతుందని డాక్టరు చెప్తే, నేను చక్కెర తాపిన.

ఇది చిన్న ప్యాకెట్, పిరమే. గని ఉత్త ప్రొటీనే, సీలు నేనే విప్పిన. రుచి మాత్రం ఏం లేదు.

"నాకెందుకు బిడ్డా గిన్ని పైసలు" అని మళ్ల అనకు. బొగ్గుబాయిల నీ ఊపిరి పాడైతెనే నీ నౌకరి నాకొచ్చింది. ఈ జీతం ముందు నీ ఒంటికే పట్టాలె.

తలుపు దగ్గరికేసి పోతున్న.

హర్షిణి

ఇంకోటి. నువ్వు రోజూ గ్లాసు మోరిల పారబోస్తున్నవని అక్కడి చీమలను చూస్తే ఎరుకైంది. దీంట్ల తీపి లేదు, చీమలు రావు. ఇగ నువ్వు తాగకున్నా నాకు తెల్వది, బాపూ.