రాధాబాయికి జత

బోధన్,
14 డిసెంబర్ 1972

చెల్లె విమలకు అక్క జ్ఞానమ్మ దీవించి రాయునది. ప్రభువు కాపుదలలో నేను బాగున్నాను. వర్నిలో నువ్వు, మీ ఆయన, పిల్లలు చల్లగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను.

విమలా, ఈ సంగతి నీకు చెప్పందే నాకు అన్నం సహించదు. స్తోత్రం చెప్పి చదువు!

ఎడపల్లి దారిలో చెరుకు కొట్టేవాళ్ల గుడిసెలకు ప్రార్థనకు పోతుంటానుగా. చాలామంది మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు నుంచి కరువుకు వచ్చినవాళ్లు. వాళ్లలో రాధాబాయి పద్నాలుగేళ్ల పిల్ల, ఒంటరిది. తల్లి లారీ ఎక్కించి, పని ముగిసేనాటికి వచ్చి తీసుకుపోతానన్నదట. నా ఇంటికి రమ్మంటే రాదు. కదిలితే అమ్మ ఎక్కడని వెతుకుతుందంటుంది.

కొయిత అంటే చెరుకు కత్తే. కానీ ఇక్కడ ఇద్దరు మనుషుల జతను కూడా కొయిత అంటారు. ఒకరు నరకాలి, ఒకరు మోపు కట్టాలి. ఎప్పుడూ మొగుడూ పెళ్లాలే. పిల్లకు జత లేదని ముఠా మేస్త్రీ ఆత్మారాం, పెళ్లాం చచ్చిన రాజారాంతో ఆదివారం దండలు మార్పిస్తానన్నాడు. వాడికి నలభై దాటాయి. పిల్ల భయంతో, రుద్రూరు నుంచి కూలికి వచ్చిన పెంటవ్వ గుడిసెలో దూరి బయటికి రానంది.

శనివారం పొద్దున్నే పోయాను. వేరే జత దొరికితే దండలు ఆపుతావా అని మేస్త్రీని అడిగాను. ఏడ దొరుకుతది అవ్వా, మొగులు మీదికెల్లి ఊడిపడ్తదా అని నవ్వాడు. అప్పుడు ఒక పెద్దవయసు ఆమె ముందుకొచ్చి కత్తి అందుకుంది. ఇద్దరు ఆడోళ్లు కొయిత ఎట్లయితరని మేస్త్రీ కసిరితే, పెంటవ్వ నడుం మీద చెయ్యి పెట్టి, ఏం ఆత్మారాం, చెరుకు మీసాలు సూసి తెగుతదా అన్నది. గుడిసెలన్నీ గొల్లుమన్నాయి!

సాయంత్రానికి మిగతా జతలకన్నా మోపులు తక్కువైతే దండలు ఖాయమని మేస్త్రీ పంతం పట్టాడు.

తక్కువ కాలేదు విమలా! చివరి సాలు రాధ పరుగెత్తుతూ కట్టింది. బండి దగ్గర మేస్త్రీయే రెండుసార్లు లెక్కపెట్టి, బండి తోలించుకుని పోయాడు. ఆదివారం వచ్చింది, పోయింది. దండలు లేవు!

ఇప్పుడు ఆ పెద్దవయసు ఆమె రాధ గుడిసెలోనే, వాకిలికి అడ్డంగా పడుకుంటుంది. ఆ గుడిసెకు తలుపు లేదు మరి.

క్రిస్మస్‌కు వర్ని రాలేను. కోపగించుకోకు.

నీ మేలు కోరే అక్క,
జ్ఞానమ్మ

తా.క.: ఆ పెద్దవయసు ఆమె ఎవరని అడుగుతావు. నేనే. చిన్నప్పుడు బాపు వెనక చెరుకు కొట్టిన చెయ్యి మరిచిపోలేదు. బొబ్బలు అణిగేదాకా కలం పట్టలేక ఈ ఉత్తరం ఆలస్యమైంది. రాధ తల్లి వచ్చేదాకా నేను ఈ వాకిట్లోనే. తమ్ముడు సత్యానందానికి చెప్పకు. తెలిసి నన్ను తీసుకుపోవడానికి వస్తానంటే, చెరుకు కత్తి నూరుకుని రమ్మను.