ఆ ఇంట తాగిన టీ

గాజువాక,
ఆదివారం

అన్నయ్యకి, వదినకి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం కులాసా. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి బెంగపడకండి. ఉప్పుగాలికి ఒళ్లు జిడ్డుకారడం తప్పితే ఈ ఊరు అలవాటైపోయింది. ఆవకాయ అయిపోయింది. ఎవరైనా వస్తుంటే ఓ సీసాడు పంపండి.

ఫోన్లో చెబుదామని ఎస్టీడీ బూత్ దాకా వెళ్లాను. వెనక జనం నిలబడి ఉంటే నోరు రాలేదు.

నా ఉద్యోగం నీకు తెలుసుగా. ఫ్యాక్టరీల్లో ఆఫీసర్లకీ, యూనియన్ వాళ్లకీ తగువులు మాట్లాడి తేల్చుకోవడం ఎలాగో పాఠాలు చెబుతాను. 'ఎవరేమిచ్చినా కాదనకుండా తీసుకోండి, నమ్మకం కుదురుతుంది' అన్నది నా మొదటి పాఠం. మా వీధికి చేపలు తెచ్చే అప్పలమ్మ ఎక్కడ విందో, ఒకరోజు గుమ్మంలో కూలబడింది.

"నువ్వు అందరికీ రాజీ నేర్పుతన్నావంట కదమ్మా. మా ఇంటాయనకీ, మా బావకీ మాటల్లేవు. పిల్ల పెళ్లికి పెదనాన్న రాకపోతే ఎలాగ? ఓపాలి వచ్చి సెప్పమ్మా."

గొప్పగా వెళ్లాను. ఎండన పడి వచ్చానని అప్పలమ్మ అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తాగేశాను. ఎదురిల్లే ఆ బావ ఎర్రయ్యది. గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. నేను వెళ్లేసరికి కూర్చోమని కూడా అనలేదు.

"ఆళ్లింట టీ తాగీసి వచ్చినావు కదమ్మా. ఇంక మాకేటి నాయం సెప్తావు?" అని లోపలికి వెళ్లిపోయాడు.

తగువు తీర్చడానికి వెళ్తే నాన్న ఇంటి నుంచి చెంబుతో నీళ్లు పట్టుకెళ్లేవారు, ఎవరింటా గుక్కెడు ముట్టేవారు కాదు. నువ్వూ అంతే. ఆ ఇంట పుట్టి, ఇంత చదివి, నాకా బుద్ధి లేకపోయింది. పైగా మర్నాడు ఎర్రయ్య దగ్గరికి వెళ్లి, మీ ఇంట్లోనూ టీ తాగుతానన్నాను.

"ఇదేటి టీ కొట్టా అమ్మా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్న పెళ్లయింది. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. ఎర్రయ్య రాలేదు. అప్పలమ్మ నన్ను తిట్టినా బాగుండేది. అత్తారింటికి బయలుదేరుతూ పిల్ల ఎదురింటికి వెళ్లి, "పెదనాన్నా, ఎల్లొస్తాను" అంది. తలుపు తియ్యలేదు. ఆ గుమ్మానికే దండం పెట్టుకుని వెళ్లింది.

ఒకసారి రా అన్నయ్యా. ఎర్రయ్యతో నువ్వు మాట్లాడు. పిల్ల పుట్టింటికి వచ్చే రోజుకైనా ఆ తలుపు తెరుచుకోవాలి.

పెద్దత్తయ్యకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నన్ను దీవించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. ఆ పిల్లని దీవించు.

నీ చెల్లెలు,
పద్మ