చిన్నదాని మాట మధ్యలో

ఏమండీ,

నాకు డ్యూటీ మారింది, బడికి రాలేను. వసంతకాలపు వేడుక సాయంత్రం నాలుగింటికి. కాగితపు రెక్కలు అక్కడికి చేరాకే చిన్నదానికి తగిలించండి, బస్సులో నలిగిపోతాయి.

సీతాకోకచిలుక గురించి అది వేదికపై మాట్లాడుతుంది. నత్తి వచ్చి ఆగితే, దయచేసి మీరు మాట అందించవద్దు. నిన్న అన్నం తింటూ నాతో అంది: "నాన్న నా మాట లాగేసుకుంటాడమ్మా! ఇంక నేనెందుకు, నాన్ననే రెక్కలు కట్టుకోమను!"

నవ్వాను గానీ, అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేనిది అది కాదు, మనమేనేమో. అందరూ చూస్తున్నా సరే, ఆగనివ్వండి.

మరొక్క మాట. ఎలా జరిగిందో మీరు చెప్పకండి. దానిచేతే ఫోన్ చేయించండి. ఎంతసేపు పట్టినా వింటాను.