నాలుగు వేళ్ల మడత

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆలుమొగుళ్లం కలిసి కుట్టిన మన ప్రొద్దుటూరు కొట్టులో ఇప్పుడు ఒక్క మిషనే తిరుగుతోంది. నీ మిషను మీద గుడ్డ కప్పే ఉంది.

యుద్ధం జరిగేచోటి పిల్లలకు పంపాలని ఎదురింటి ఫాతిమా గౌన్ల గుడ్డ తెచ్చింది. కొలతలు లేవు, చీటీలో వయసులే రాసున్నాయి. పిల్లలు ఎదిగినప్పుడు విప్పి పొడుగు చేసుకోవడానికి నువ్వు గౌను అంచులో నాలుగు వేళ్ల మడత వదిలేవాడివి కదా, నేనూ అలాగే వదిలాను.

"అంత మడత ఎందుకు వదినా? తగ్గిస్తే ఇంకో రెండు గౌన్లొస్తాయి గదా," అంది ఫాతిమా.

"ఆ పిల్లోళ్లు శానా ఎదగాల," అన్నాను. తను ఇంకో గుడ్డ తీసి నా ముందు పరిచింది.

మడత కుట్టు గట్టిగా వేయాలా, వదులుగానా అని నువ్వుంటే అడిగేదాన్ని. చివరికి వదులుగానే వేశాను మామా. విప్పడానికి అమ్మ లేకపోయినా, పిల్ల తన చేత్తో దారం లాగితే ఊడొచ్చేలా.