గోడ మీది ఫ్లెక్సీ

అన్నయ్యా,

క్షేమ సమాచారాలు అడిగే ఓపిక ఈసారి లేదు. ఒళ్లు మండిపోతోంది.

మన వార్డు మురుగుకాలువ కోసం బడ్జెట్ సమావేశంలో గొంతు చించుకున్నాను. తీరా నిధులొచ్చాక, ప్లానులో కాలువ నీ ఇంటి దగ్గర వంకర తిరిగింది. ఎందుకని అడిగితే, "మీరే వెళ్లి చూడండి మేడమ్" అన్నాడు ఇంజనీరు. వెళ్లి చూస్తే ఏముంది, కాలువ వెళ్లాల్సిన చోటికి నీ ప్రహరీ ముందుకొచ్చి కూర్చుంది. దాని మీద నవ్వుతున్న నా ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ!

గోడ కూల్చడానికి వచ్చినవాళ్లు అది చూసి, "అయ్యో, మేడమ్‌గారి వాళ్లదా!" అని వెనక్కి వెళ్లిపోయారట. వదిన టీ ఇస్తూ గొప్పగా చెబుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

కాలువను అలా వంకరగా తవ్వితే, వానొచ్చినప్పుడల్లా మురుగు ఎదురింటి దర్జీ గుమ్మంలోకి పొంగుతుంది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పోన్లెండమ్మా, మీ అన్నగారు కదా" అన్నాడు. దానికంటే చెంపదెబ్బ నయం.

"చెల్లెలు కౌన్సిలరై మాకు ఒరగబెట్టిందేమిటి?" అని నలుగురిలో అన్నావట. ఇదిగో, చేస్తున్నాను. కాలువ తిన్నగానే వెళ్లాలని రాసిచ్చాను. సోమవారం పొద్దున్నే బుల్‌డోజర్ వస్తుంది, వెంట నేనూ వస్తాను.

ఫ్లెక్సీ మాత్రం తీయించకు. మొదటి దెబ్బ ఆ నవ్వే మొహం మీదే వేయమని చెప్పాను.

నీ చెల్లెలు