బుడగ ఆగేదాకా

జూన్ 21, ఆదివారం

నాకు డైరీ అలవాటు లేదు. హైస్కూలు వదిలాక చేత్తో రాసినవి చర్చిలో కేకులు అమ్మేటప్పుడు అంటించే చీటీలే. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నోరు తెరవబోతే చాలు, అందరూ నా భుజం తడుతున్నారు. తట్టాక ఇక మాట ముందుకు సాగదు.

మా ఆయన ఏథల్ పడవ దొరికింది. ఏథల్ దొరకలేదు.

సోమవారం దక్షిణపు దీవుల వైపు క్రేఫిష్ రొయ్యలు పట్టే బుట్టలు తీయడానికి వెళ్లాడు. బుధవారానికి పడవ ఒక్కటే తేలుతూ కనిపించింది. పోలీసులు హెలికాప్టర్‌తో వెతికి వెతికి నిన్న ఆపేశారు. ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం. ఈ చలి నీళ్లలో మనిషి గంట కూడా ఉండలేడని ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మరీ చెప్పాడు.

చర్చి అయ్యాక మరిది నెవిల్ వచ్చాడు. జూలై 25న జ్ఞాపకార్థ ప్రార్థన పెడదామని పాస్టర్ డీన్ అన్నాడట. తర్వాత గొంతు తగ్గించి, "మన ఊళ్లో ఎవరు పోయినా వాళ్ల చేతి బీరే తాగి సాగనంపుతాం కదా లోరెల్. అన్నయ్య సీసాలన్నీ ఖాళీ. షెడ్డులో నల్లబీరు కలుపుకునే పోర్టర్ కిట్ ఒకటి విప్పకుండా ఉంది. నేను కలిపేస్తాలే" అన్నాడు.

నేనే కలుపుతానన్నాను. నెవిల్ నవ్వాడు. "మీ నాన్న బతికుంటే ఆ బీరు డ్రమ్మును బైబిల్‌తోనే పగలగొట్టేవాడు" అన్నాడు. నిజమే. మా ఇంట్లో క్రిస్మస్ పుడ్డింగులో కూడా చుక్క బ్రాందీ పడేది కాదు.

కలపడానికి ఒప్పుకుంటే ఆయన పోయాడని ఒప్పుకున్నట్టే. అది నాకు తట్టేసరికి నెవిల్ కారు మలుపు తిరిగిపోయింది.


జూన్ 23, మంగళవారం

కలిపాను.

డబ్బా వేడినీళ్లలో పెడితే లోపలి పాకం కరిగింది. తారులా నలుపు. మూత కింద ఈస్ట్ పొట్లం ఉంది. అది ఏథల్ ఎప్పుడూ వాడడు. పోయినసారి బీరు సీసాల్లోకి పట్టాక డ్రమ్ము అడుగున మిగిలే మడ్డిని కడగడు. గట్టిగా మూత పెట్టి ఉంచేస్తాడు. కొత్త పాకం దాని మీదే పోస్తాడు. మడ్డిలో ఈస్ట్ బతికే ఉంటుంది, ఆకలి మీద ఉంటుంది, అంతే అనేవాడు. మా పెళ్లయిన ఏటి నుంచీ ఒకటే మడ్డి.

డ్రమ్ము తెరిచాను. అడుగున బూడిదరంగు బురద. బ్రెడ్ వాసన, దాని వెనక ఆయన పనిచొక్కా వాసన. పాకం, పంచదార, చన్నీళ్లు పోసి మూత బిగించాను. మూత మీద ఎయిర్‌లాక్ ఉంటుంది. వంపు తిరిగిన ప్లాస్టిక్ గొట్టం, లోపల గుక్కెడు నీళ్లు. ఈస్ట్ పని చేస్తుంటే గాలి ఆ నీళ్లలోంచి బుడగగా బయటికి వస్తుంది. చలికి డ్రమ్ము చుట్టూ ఆయన పాత దుప్పటి కప్పాను.

సాయంత్రం 5 గంటలు. మొదటి బుడగ. గుళుక్.

నాకు తెలియకుండానే "ఆఁ" అన్నాను.


జూన్ 27

గుళుక్. గుళుక్. కూర్చుని ఊలు అల్లుకుంటున్నాను. షెడ్డులో ఇంత హాయిగా ఉంటుందని ఇన్నేళ్లూ తెలియలేదు.


జూన్ 30, మధ్యాహ్నం

నైరుతి నుంచి పెద్ద గాలివాన. షెడ్డు రేకులు లేచిపోయేలా ఉన్నాయి. బుడగలు ఒకదాని మీద ఒకటి, ఆయాసపడే మనిషిలా. డ్రమ్ము మీద చేతులు పెట్టి కీర్తనలు చదివాను. గాలి తగ్గాక బుడగలూ నెమ్మదించాయి.

నెవిల్‌కి ఫోన్ చేశాను. "వాన వచ్చేముందు గాలి ఒత్తిడి పడిపోతుంది, బీరులో ఇరుక్కున్న గాలి బయటికి తన్నుకొస్తుంది. అన్నయ్య దాన్ని చూసే పడవ తీసేవాడు, రేడియో మాట వినేవాడు కాదు" అన్నాడు. విషయం అర్థమైంది. మనసే కుదుటపడలేదు.


జూలై 5, ఆదివారం

పొద్దున ఆగిపోయింది. చర్చికి వెళ్లేముందు చూశాను, నీళ్లు కదలడం లేదు. పాస్టర్ ఏం బోధించాడో ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇంటికి రాగానే కోటు విప్పకుండా షెడ్డులోకి వెళ్లాను. అలాగే ఉంది.

"ఏథల్" అని పిలిచాను.

గుళుక్.

ఒక్కటే. కాసేపటికి ఇంకొకటి. తర్వాత మామూలుగా.

మోకరించాను. చనిపోయినవాళ్లను పిలవకూడదని వాక్యంలో స్పష్టంగా ఉంది. క్షమించమని చాలాసేపు ప్రార్థించాను. లేస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. బతికున్నవాళ్లను పిలవకూడదని ఎక్కడా లేదు.


జూలై 6

పోలీస్ స్టేషనుకు ఫోన్ చేశాను. దీవుల్లో మళ్లీ వెతకమన్నాను. ఫోనెత్తిన కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "కొత్తగా ఏమైనా తెలిసిందా అమ్మా? ఎవరైనా చూశారా?" అని అడిగాడు.

ఏం చెప్పను? నా షెడ్డులో బీరు డ్రమ్ము ఇంకా బుడగలు వదులుతోందని చెప్పనా?

లేదు బాబూ, ఊరికే అడిగాను అన్నాను. ధైర్యంగా ఉండమన్నాడు. థాంక్స్ చెప్పి పెట్టేశాను. జీవితంలో ఎవరినీ రెండోసారి అడిగి ఎరగను.


జూలై 8, బుధవారం

నెవిల్ మొన్నా ఇవాళా వచ్చి హైడ్రోమీటర్ వేసి చూశాడు. అది తేలే గాజుపుల్ల. బీరులో పంచదార ఎంత మిగిలిందో చెబుతుంది. అంకె రెండు రోజులు కదలకపోతే పని అయిపోయినట్టు. కదలడం లేదు. అయినా బుడగలు వస్తున్నాయి.

గ్లాసులో కాస్త పట్టి తాగి మొహం చిట్లించాడు. "పోర్టర్‌కి మాడువాసన ఉండాల్సిందే. ఇది తడికట్టె పొగలా ఉందేమిటి?" అన్నాడు. మళ్లీ తాగాడు. "పర్లేదు, బాగానే ఉంది. శనివారం సీసాల్లోకి పట్టేద్దాం. ప్రార్థన నాటికి రెండు వారాలైనా నిలవాలి."

ఇంకా పని చేస్తుంటే సీసాలు పేలతాయి కదా అన్నాను. డబ్బా మీద అదే రాసి ఉంది. "పంచదారే లేందే పనెక్కడిది తల్లీ? అది ఉత్త గాలి" అన్నాడు. అక్కడితో ఆగక నా చెయ్యి పట్టుకున్నాడు. "లోరెల్, నువ్వు ఈ డ్రమ్ము ముందు కూర్చోవడం మానెయ్. పోయినవాడు మా అన్న. నాకూ ఏడుపొస్తుంది. నువ్వు ఒప్పుకుంటే గానీ నేను ఏడవలేను."




జూలై 11, శనివారం

పట్టేశాం. నేను సీసాలు కడిగి ఒక్కోదాంట్లో నురగ కట్టడానికి చెంచాడు పంచదార వేశాను. నెవిల్ కుళాయి తిప్పాడు, మూతలు బిగించాడు. డ్రమ్ములో మట్టం దిగుతున్నకొద్దీ బుడగలు వెనక్కి, లోపలికి పోయాయి. ఎవరో గాలి పీల్చుకుంటున్నట్టు. ఖాళీ అవుతుంటే గాలి అలా లోపలికి పోవడం మామూలేనని నెవిల్ అన్నాడు. ఆపమన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇంకోసారి అనలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆఖరి సీసా.

షెడ్డు నిశ్శబ్దంగా ఉంది.


జూలై 15

ఏథల్ దొరికాడు.

గాలికి తప్పుకుని ఒక పడవవాళ్లు చిన్న దీవి చాటుకు వెళ్తే, రాళ్ల మధ్య రేకు ముక్కలతో కప్పిన గూడు కనబడిందట. ముందు నిప్పు వేసిన జాగా. పక్కన గవ్వలు, పక్షి ఎముకలు, వాననీళ్లు పట్టిన డబ్బా. ఆయన లోపల పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ మళ్లీ టోపీ తీశాడు. అన్నాళ్లు ఎలా బతికాడో డాక్టరుకు అంతుపట్టడం లేదట. ప్రాణం పోయి నాలుగు రోజులు దాటి ఉండదట. శనివారం కావచ్చునన్నాడు.

ఎన్నింటికి అని అడిగాను. అలా చెప్పడం కుదరదమ్మా అన్నాడు.


జూలై 25

జ్ఞాపకార్థ ప్రార్థన కాదు, భూస్థాపన జరిగింది. తర్వాత ఊరి హాల్లో నెవిల్ సీసాలు తెరిచాడు. ఒక్కదానికీ చప్పుడు లేదు, నురగ లేదు. "పంచదార వెయ్యడం మర్చిపోయావా?" అని నా చెవిలో అడిగాడు. వేశాను, తను పక్కనే ఉన్నాడు. "అయితే ఈస్ట్ చచ్చిపోయింది. ఇన్నేళ్ల మడ్డి! ఇలా ఎప్పుడూ అవలేదు" అన్నాడు.

అయినా అందరూ తాగారు. నేనూ ఒక గుక్క తాగాను. యాభై ఏళ్లలో మొదటిసారి. నెవిల్ గోడవైపు తిరిగి, చివరికి ఏడ్చాడు.


జూలై 26

ఈ డైరీ కాల్చేద్దామని పొయ్యి దాకా తీసుకెళ్లాను. చేతులు రాలేదు. ఏథల్ ఆ దీవిలో బతికిన రోజులు ఇందులో తప్ప ఇంకెక్కడా లేవు. గాలివాన రోజు భయపడ్డాడు. ఒక ఆదివారం దాదాపు పోయి, పిలిస్తే వెనక్కి వచ్చాడు.

ఇది ఎవరి చేతికొచ్చినా దాచండి, ఎవరికీ చూపించకండి. ముఖ్యంగా నెవిల్‌కి. కుళాయి తిప్పింది తనే.